ఫ్రిజ్‌లో సోల్డర్ పేస్టు డబ్బా

కువైట్ యుద్ధం మొదలైన రోజు మధ్యాహ్నానికల్లా సౌదీలో, ఖఫ్జీలోని మా వర్క్‌షాపును మూసివేయమని ఉత్తరువు వచ్చింది. కువైట్ సరిహద్దు అక్కడికి ఎంతో దూరం లేదు. ఫిరంగుల మోతకు కిటికీ అద్దాలు అదురుతున్నాయి. ఎవరికి దొరికిన వాహనంలో వారు దక్షిణానికి బయలుదేరుతున్నారు. ఆ తొందరలో మా ఫోర్‌మన్, ఫిలిప్పీన్స్ దేశస్థుడు, పరికరాల గదిలోని చిన్న ఫ్రిజ్ తెరిచి, అరచేతిలో ఇమిడే తెల్లని ప్లాస్టిక్ డబ్బా ఒకటి తీసి నాకు ఇచ్చాడు. ఇక్కడ కరెంటు పోతే ఇది పాడవుతుంది, నీ రేడియోలకు పనికివస్తుంది, తీసుకుపో అన్నాడు.

అది సోల్డర్ పేస్టు. తీగ రూపంలో ఉండే సోల్డరును రేడియోలు బాగుచేసే వారందరూ ఎరుగుదురు. ఇది వేరు. తగరమూ సీసమూ కలిసిన లోహాన్ని పిండికంటె మెత్తని పొడిగా చేసి, ఫ్లక్స్ అనే జిగురులో కలిపి ఉంచుతారు. చూడటానికి బూడిదరంగు వెన్నలా ఉంటుంది. బియ్యపుగింజలో సగం కూడా లేని భాగాలను బోర్డు మీద అతికించాలంటే, సూదిమొనతో దీన్ని చుక్కగా పెట్టి వేడి చేయాలి. పొడి అంతా కరిగి ఒక్క మెరిసే బొట్టుగా కూడుకుంటుంది. ఆ క్షణం చూడాలనే, సెలవునాడు రేడియోలు చేసుకొనే శుక్రవారాల కోసం నేను కాచుకొని ఉండేవాణ్ణి.

మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేను. మా అమ్మ బీడీలు చుట్టింది, నాయన మగ్గం నేశాడు. వారి కష్టంతో బి.ఎస్సీ. ముగించి, ఆ పట్టాను ప్లాస్టిక్ కవరులో పెట్టుకొని సౌదీకి వచ్చాను. అచ్చులో ఉన్న ప్రతి మాటను అక్షరాలా పాటించడం నాకు చదువు నేర్పిన అలవాటు. ఆ డబ్బా మీది కాగితాన్ని కూడా అలాగే చదివాను. సున్నా నుంచి పది డిగ్రీల చలిలో ఉంచవలెను. గడ్డకట్టనీయరాదు. తయారైన నాటి నుంచి ఆరు నెలలలో వాడవలెను. వాడబోయే ముందు మూత తీయకుండా నాలుగు గంటలు బయట ఉంచవలెను; లేనియెడల గాలిలోని తేమ చల్లని పేస్టు మీద నీరుగా దిగును. మెల్లగా కలిపి వాడవలెను. వాడగా మిగిలినది తిరిగి డబ్బాలో వేయరాదు.

మా కంపెనీకి బురైదాలో ఇంకొక వర్క్‌షాపు ఉంది. గోధుమ పొలాల్లో గుండ్రంగా తిరుగుతూ నీళ్లు చల్లే పెద్ద పెద్ద యంత్రాల పనులు అక్కడ జరుగుతాయి. మమ్మల్ని అక్కడికి తరలించారు. పికప్ నడిపినవాడు హైదరాబాద్ పాతబస్తీ మనిషి. జనవరి చలి. అతడు హీటర్ వేయబోతే నేను అడ్డుకున్నాను.

“వద్దు భాయ్. ఇది పది డిగ్రీలు దాటితే చెడిపోతది.”

అతడు నా ఒళ్లో ఉన్న డబ్బాను, నా ముఖాన్ని మార్చి మార్చి చూశాడు.

“అరె, వెనకాల బాంబులు పడుతున్నయ్. జనం పెట్టెలు ఒదిలి పరిగెత్తుతున్నరు. నువ్వు క్రీము డబ్బా పట్టుకొని కూసున్నవా? దానికి గర్మీ పడదు, నా మోకాళ్లకు సర్దీ పడదు. ఎవరి మాట వినాలె?”

చివరకు నా మాటే విన్నాడు. దారి పొడుగునా దుప్పటి కప్పుకొని, నన్ను తిడుతూ నడిపాడు.

బురైదాలో మాకు దొరికినది చెక్కనేల ఉన్న రేకుల గది. ఆ గదిలో అంతకుముందే ఒక పెద్దమనిషి ఉన్నాడు. మా జిల్లావాడే. యాభై దాటిన వయసు. నేను ‘మామా’ అన్నాను, అతడు ‘అల్లుడా’ అన్నాడు. అంతటితో చుట్టరికం కుదిరిపోయింది. అంతకు ముందు పదకొండేళ్లు దమ్మాం వైపు రాళ్లు పగలగొట్టే బ్రేకర్ మిషను పట్టి రెండు చెవులూ పోగొట్టుకున్నాడు. చొక్కా జేబులో అగ్గిపెట్టెకంటె కాస్త పెద్దదైన మిషను, దాని నుంచి చెవిలోకి సన్నని తీగ. అది ఉంటే చక్కగా వినేవాడు. లేకుంటే చెవి దగ్గర అరిచినా ఏదో గాలి తగిలినట్టు చూసేవాడు. మైకు జేబులో ఉన్నందున, అతనితో మాట్లాడేటప్పుడు అందరం అతని ఛాతీ వైపు వంగేవాళ్లం.

“చిచా గుండెతోని వింటడు. మనమే చెవులతోని వింటం” అనేవాడు డ్రైవరు భాయ్.

మామకు అక్షరాలు రావు. కూతురు రాసిన ఉత్తరాలు వస్తే నేనే ఆ జేబు మీదికి వంగి చదివి వినిపించేవాణ్ణి. ఆ అమ్మాయి ఇంటర్ రెండవ సంవత్సరం. “నీ లెక్కనే బీఎస్సీ సదువుతనంటది అల్లుడా. నేనీడ రెండేండ్లు నిలబడితే సదువుతది. ఇప్పుడే నేను ఇంటికి పోతే ఏముంది, అది గూడ బీడీలు చుట్టుడే” అని ప్రతి ఉత్తరం తరువాత అదే మాట అనేవాడు.

గదిలోని ఒక్క ఫ్రిజ్‌లో, పెరుగుకూ టమాటాలకూ దూరంగా, ఇంకొక డబ్బాలో పెట్టి, చుట్టూ టేపు అంటించి పేస్టును ఉంచాను. సీసం ఉన్న వస్తువు కాబట్టి ఎవరూ ముట్టరాదని తెలుగులోను, ఉర్దూలోను కాగితం రాసి అతికించాను. ఉర్దూ భాగం భాయ్ చేత రాయించాను.

“నిజం చెప్పు, ఏం రాసినవ్?”

“ఇంజనీరు సాబ్ పెళ్లాం లోపల నిద్రపోతుంది, తలుపు మెల్లగ తీయండి అని రాసిన.”

మామ పడీపడీ నవ్వాడు. తరువాత నన్ను పక్కకు పిలిచి, ఇంత జాగ్రత్త దేనికని అడిగాడు. ఫ్లక్స్, ఆక్సీకరణం అని మొదలుపెట్టి, అతని ముఖం చూసి ఆపాను. వివరించే సులువైన దారి ఒకటి తోచింది.

“తొక్కు లెక్క అనుకో మామా. మామిడికాయ తొక్కు ఉన్నది సూడు. తడి తగలద్దు, మూత గట్టిగ ఉండాలె, ఎండిపోవద్దు. గంతే.”

“గట్ల చెప్పు మరి. గిన్నిమాటలెందుకు!” అన్నాడు మామ.

అర్థమయ్యేటట్టు చెప్పగలిగానని ఆ రోజు నాకు సంతోషం కలిగింది.

యుద్ధం ఎక్కువ రోజులు సాగలేదు. బురైదాకు దాని వేడి పెద్దగా తగలలేదు. కిటికీలకు టేపులు, రేడియో వార్తలు, తూర్పు నుంచి రావలసిన సరుకు రాకపోవడం, అంతే. ఎలక్ట్రానిక్ సామాను కూడా రాలేదు. ఆ డబ్బా తప్ప నాకు మరొకటి దొరికే మార్గం లేదు. శుక్రవారాల్లో ఉదయమే దాన్ని బయట పెట్టి, నాలుగు గంటలు గడియారం చూసి, రాగిరేకు మీద ఒక చుక్క కరిగించి పరీక్ష చేసి, ఆ తరువాతే నా చిన్న రేడియో బోర్డుల మీద వాడేవాణ్ణి. చుక్క ఒక్కటిగా కూడుకుంటే పేస్టు బతికి ఉన్నట్టు. చుట్టూ ఆవగింజల వంటి పూసలు చెదిరితే చెడినట్టు. మార్చి వరకు ఒక్క పూస కూడా రాలేదు.

గోధుమ కోతల కాలంలో నన్ను హాయిల్‌కు పంపారు. దాదాపు ఏడు వారాలు. వెళ్లే ముందు డబ్బాను మామకు అప్పగించాను. రోజూ ఒకసారి ఫ్రిజ్ నడుస్తోందో లేదో చూడమన్నాను.

“సూసుకుంట పో. మీ అత్త తొక్కు జాడీని గూడ నేనే సూసేటోన్ని” అన్నాడు.

జూన్ మొదట్లో తిరిగి వచ్చాను. గదిలో అడుగుపెట్టగానే మామ లేచి నిలబడ్డాడు కానీ, ఎప్పటిలా “అల్లుడా” అని కేక వేయలేదు. చెవిలో తీగ లేదు. మంచం మీద కూర్చున్న భాయ్ జరిగినది చెప్పాడు.

మామ పని పొలంలో వాల్వు దగ్గర నిలబడటం. పంపు దగ్గరి మనిషి కేక వేస్తే తిప్పాలి, మళ్లీ కేక వేస్తే ఆపాలి. నాలుగు రోజుల క్రితం వంగినప్పుడు జేబులోని మిషను జారి సిమెంటు కాలువ అంచు మీద పడింది. ఆ పూట పంపు మనిషి ఎంత అరిచినా మామ తిప్పలేదు. పైపు పగిలింది. వెనక్కు వస్తున్న ట్రాక్టరు అతనికి జానెడు దూరంలో ఆగింది.

“ముదీర్ చెప్పిండు” అన్నాడు భాయ్. మేనేజరును అందరూ ముదీర్ అనే అంటారు. “సనీచర్ నాడు చిచాను ఆఫీసుల నిలబెట్టి వెనక నుంచి పిలుస్తడంట. మళ్లి చూస్తే నౌకరీ. చూడకపోతే ఎగ్జిట్, సీదా ఇంటికి.”

“బజారుల చూపియ్యలేదా?”

“చూపించిన. దుకాణపోడు రియాద్ పంపాలె, ఆడికెళ్లి బయటి దేశం పోవాలె, మూడు నెలలు అంటుండు. కొత్తది కూడ లేదంట. లడాయి అయినంక ఏం మాల్ వచ్చింది చెప్పు?”

ఆ రోజు బుధవారం; శనివారానికి మధ్యన రెండు రోజులే.

మామ మిషనును గుడ్డలో చుట్టి దాచాడు. విప్పి నా చేతికి ఇచ్చి, నా ముఖం వైపు చూస్తూ నిలబడ్డాడు. వెనుక మూత తీసి భూతద్దంతో చూశాను. బోర్డు విరగలేదు. ఒక మూల, గోరులో పావు వంతు ఉండే నల్లని చిప్ ఒకటి లేచిపోయి, ఒక వైపు కాళ్ల మీద వేలాడుతోంది. వర్క్‌షాపులో ఉన్న సోల్డరింగ్ ఐరన్ ముక్కు ఆ చిప్ కంటె లావు. తీగ సోల్డరు కూడా లావే. అయినా ముక్కును అరగదీసి, ఒక్కొక్క కాలునే ఓపికగా అంటించి ఉండవచ్చును. ఆ సంగతి నాకు అప్పుడే తెలుసు. కానీ పుస్తకంలో రాసిన సరైన పద్ధతి పేస్టు. పేస్టు నా దగ్గర ఉంది. సరైన పద్ధతి చేతిలో ఉండగా మోటు పద్ధతి ఎందుకని అనుకున్నాను.

గడువు తేదీ ముగిసి మూడు వారాలు దాటింది. చలిలోనే ఉంది కాబట్టి ఫరవాలేదనుకున్నాను.

శుక్రవారం ఉదయం ఆరు గంటలకు డబ్బా బయట పెట్టాను. పది గంటలకు మూత తీశాను. పేస్టు మీద పలుచగా పసుపుపచ్చని ద్రవం తేలుతోంది. పాతబడితే ఫ్లక్స్ విడిపోయి పైకి తేలుతుందని చదివి ఉన్నాను. మెల్లగా కలపవలెనని కాగితం మీద ఉంది. మెల్లగా కలిపాను. మామ ఎదురుగా మంచం అంచున, రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకొని కూర్చున్నాడు. భాయ్ టీ పెడుతున్నాడు.

రాగిరేకు మీద పరీక్ష చేశాను. చుక్క సగం కరిగింది. చుట్టూ పూసలు చెదిరాయి.

అక్కడ ఆగవలసింది. ఏ శుక్రవారమైనా ఆగేవాణ్ణి. కానీ మర్నాడు శనివారం. మామ నా చేతుల వైపు చూస్తున్నాడు. రేకు మురికిగా ఉండి ఉంటుందని నాకు నేనే చెప్పుకొని, చిప్ కాళ్ల కింద చుక్కలు పెట్టి, ఐరన్ ఆనించాను.

పొగ లేచింది. ఫ్లక్స్ పొగ నాకు తెలుసు. గుగ్గిలంలా ఘాటుగా ఉంటుంది. ఇది ఆ వాసన కాదు.

“ఎవరన్న గారెలు కాలుస్తున్నరా?” అన్నాడు భాయ్, గిన్నె దించుతూ.

నేను డబ్బాను ముక్కు దగ్గర పెట్టుకొని వాసన చూశాను. మామ నా ముఖం చూసి ఏమనుకున్నాడో, ఒక్కసారిగా ముఖం వికసించి, తన మాట తనకు వినపడదు కనుక గట్టిగా అన్నాడు:

“ఎండిపోతుండె అల్లుడా! పైన పొర కట్టింది. నేనే మక్క నూనె పోసిన, జరంత మునిగేటట్టు. తొక్కు లెక్కనే అంటివి గద! తడి గూడ తగలనియ్యలే. మంచిగున్నదా?”

భాయ్ నా వైపు చూశాడు. నేను మామ వైపు చూశాను. అతడు జవాబు కోసం నా పెదవులను చూస్తున్నాడు. తల ఊపాను. మంచిగ ఉన్నదన్నట్టే ఊపాను.

ఆ తరువాత చేసినదంతా చేయకూడనిదే. పూసలను సూదితో ఏరాను, స్పిరిట్‌తో కడిగాను, మళ్లీ వేడి చేశాను. చిప్ కింద, కంటికి కనిపించని చోట, పూసలు ఇరుక్కొని ఉన్నాయి. నూనె మసి అయి కాళ్లకు పట్టుకుంది. ఆ వేడికి బోర్డు మీది రాగిగీతలు రెండు ఊడి లేచిపోయాయి. అప్పుడు ఐరన్ ముక్కును అరగదీసి తీగ సోల్డరుతో ప్రయత్నించాను. అంటించడానికి కింద రాగి లేదు. బ్యాటరీ వేసి చూస్తే చిప్ వేలు పెట్టలేనంత వేడెక్కింది. బ్యాటరీ తీసేశాను.

మామ ఆ సంగతి గమనించక తీగను చెవిలో పెట్టుకొని, కొంతసేపు ఉండి, తీసి, మళ్లీ పెట్టుకొన్నాడు.

“ఏం ఇనస్తలేదు” అన్నాడు. తరువాత నన్ను ఓదార్చుతున్నట్టుగా, “పడ్డప్పుడే సచ్చిపోయి ఉంటది. నువ్వేం జేస్తవ్” అన్నాడు.

నేను తల దించుకొని ఐరన్ తీగను చుట్టాను. పాడైనది నూనె వల్లనా, గడువు దాటడం వల్లనా, తీగ సోల్డరును మొదట్లోనే పట్టుకోని నా గర్వం వల్లనా అని ఆ తరువాత ఎన్నిసార్లు ఆలోచించినా తేల్చుకోలేకపోయాను. నూనె పోయమన్నంత పని చేసినది మాత్రం నేనే.

ఆ సాయంత్రం భాయ్ ఒక ఉపాయం చెప్పాడు. ఆఫీసు కూడా మా గది వంటిదే, చెక్కనేల. ముదీర్ పిలవగానే తాను గుమ్మం బయట నిలబడి నేలను తన్నుతాడు. అదురు కాళ్లకు తెలుస్తుంది. మామ వెనక్కి తిరగాలి. సైగలతో చెప్పి, గదిలోనే ఆరేడుసార్లు సాధన చేయించాడు. మామ ప్రతిసారీ సరిగ్గా తిరిగాడు.

“వహ్వా చిచా! నీకు చెవులెందుకు, కాళ్లున్నయ్ గద!”

నాకు ఆ మోసం ఇష్టం లేదు. వద్దని కూడా అనలేదు.

శనివారం ఉదయం ముదీర్ మామను కిటికీ వైపు ముఖం పెట్టి నిలబెట్టాడు. అనువాదానికి పిలిచిన నన్ను తన పక్కనే, మామ వీపు వెనుక నిలబెట్టాడు. చెడ్డవాడు కాదు. ట్రాక్టరు కింద మనిషి పడితే జవాబు తానే చెప్పుకోవాలని ముందే నాకు చెప్పాడు. మామ చొక్కా ఇస్త్రీ చేసి ఉంది. తల దువ్వుకొని, చేతులు కట్టుకొని, కదలకుండా నిలబడ్డాడు. ముదీర్ ఇంకా నోరు తెరవలేదు. ఆ క్షణాన ఎవరో గుమస్తా ఫైళ్లతో వరండాలో నడిచి వెళ్లాడు. నేల అదిరింది.

మామ చటుక్కున తిరిగి, నవ్వుతూ, “జీ సాబ్!” అన్నాడు.

మామ నవ్వు అలాగే ఉంది. గెలిచాననుకొని నా వైపు చూశాడు. ముదీర్ మెల్లగా అతన్ని మళ్లీ కిటికీ వైపు తిప్పి, గుమ్మం దగ్గర ఉన్న భాయ్‌ని లోపలికి రమ్మని పిలిచి కూర్చోబెట్టి, మామను మూడుసార్లు పేరుపెట్టి పిలిచాడు. మూడవసారి గట్టిగా పిలిచాడు. మామ కిటికీలోంచి బయట నిలిపి ఉన్న నీళ్ల ట్యాంకరును చూస్తూ నిలబడి ఉన్నాడు.

ఎగ్జిట్ కాగితాలు నేనే నింపాను. ఆఫీసులో వేరే గుమస్తా ఉన్నాడు కానీ, మామ కాగితాలను మనవాడే రాస్తే మంచిదని భాయ్ అన్నాడు. కారణం అన్న చోట ఏమి రాయాలని ముదీర్‌ను అడిగాను. వినికిడి అన్నాడు. గుండ్రని అక్షరాలతో రాశాను. వేలిముద్ర వేయవలసిన చోటును మామకు వేలితో చూపించాను. అతడు ముద్ర వేసి, వేలికి అంటిన సిరాను గోడకు కాక తన జేబురుమాలుకే తుడుచుకున్నాడు.

రెండు వారాల తరువాత భాయ్ పికప్‌లో రియాద్ విమానాశ్రయానికి తీసుకువెళ్లాం. దారి పొడుగునా మామ మాట్లాడుతూనే ఉన్నాడు. వాన పడితే ఏ మడి ముందు నిండుతుందో, కూతురు ఎంత పొడుగైందో. మధ్యలో ఏదైనా అడిగి, మా జవాబు కోసం ఆగకుండా తానే ముందుకు సాగేవాడు. భాయ్ ఎప్పటిలా హాస్యమాడలేదు. హాస్యమాడినా వినేవారు లేరు.

లోపలికి వెళ్లే వరుస దగ్గర మామ పెట్టె కింద పెట్టి, నా చెయ్యి పట్టుకున్నాడు.

“అల్లుడా, హైదరాబాదుల మిషన్ మంచిగ చేపిచ్చుకుంట. చేపిచ్చుకున్నంక మళ్ల పిలుస్తరు గదా? నువ్వు ముదీర్‌కు చెప్పు. సదువుకున్నోనివి, నీ మాట ఇంటడు.”

నేను నింపిన కాగితం ఎటువంటిదో నాకు తెలుసు. అది మళ్లీ రావడానికి వీలులేని ఎగ్జిట్. ఆ జవాబు చెప్పడానికి మాటలు అక్కరలేదు, చెవులతోనూ పనిలేదు. తల అడ్డంగా ఒక్కసారి ఊపితే చాలు, మామ చూస్తూనే ఉన్నాడు. వెనుకనున్నవారు ముందుకు జరగమని తొందర పెడుతున్నారు. భాయ్ పెట్టెను ఎత్తి అతని చేతికి ఇచ్చాడు. నేను తల ఎటూ ఊపలేకపోయాను. మామ నా ముఖం మీది నుంచి చూపు తిప్పకుండానే, వరుసతోపాటు వెనక్కి వెనక్కి నడిచి లోపలికి వెళ్లాడు.